దొర ఎక్కని కారు

మా పెదనాన్న కొడుకు నాకు అన్నయ్య అవుతాడు. ఆయనతో మాట్లాడకూడదని నేను ఒట్టు పెట్టుకున్నది పొలం గురించి కాదు, ఇంటి స్థలం గురించీ కాదు. ఒక పాత ఇంగ్లీషు కారు గురించి. గుడివాడ హైస్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, కోపం ముక్కు మీదే ఉంటుందని మా పిల్లలే అంటారు. అననివ్వండి. ఈ కోపం మాత్రం ఉత్తినే వచ్చింది కాదు.

కోడూరులో మా చర్చికి వందేళ్ళు నిండుతున్నాయని పండగ తలపెట్టారు. సంఘానికి పెద్ద అన్నయ్యే. నాన్న పోయాక మా ఇంట్లో చోటు లేక తన షెడ్డుకి చేరిన కారుకి కొత్త రంగు వేయించి, చర్చి ఆవరణలో నిలబెట్టి, పక్కన ఒక రాయి పాతించాలనుకున్నాడు. రాయి చెక్కించాక ఫోటో వాట్సాప్‌లో పంపాడు. మిషను దొరగారు సీమ నుంచి ఓడలో తెప్పించుకున్న కారనీ, తిరిగి వెళ్ళిపోతూ మా పెదనాన్నకి కానుకగా ఇచ్చారనీ, మా నాన్న దానికి నమ్మకమైన డ్రైవరనీ అందులో ఉంది. డ్రైవరట! ఆ కారుని గుడివాడకీ బందరుకీ మధ్య టాక్సీగా తిప్పి నన్ను చదివించిన మనిషి డ్రైవరట. సొమ్మొకడిది, సోకొకడిది.

కారు నాన్న కొన్నదేనని అమ్మ చెప్పేది. ఎవరి దగ్గర కొన్నాడో ఆవిడకీ తెలియదు. అన్నయ్యకి ఫోన్ చేసి ఆ మాటే అన్నాను.

"ఊరంతా దొరగారి బండి అనే అంటారు కదమ్మా. నువ్వొక్కదానివీ కాదంటే అయిపోద్దా?" అన్నాడు.

రాయి పాతేలోపు తేలుస్తానని చెప్పి ఫోన్ పెట్టేశాను. ఆ రోజు నుంచే మాటలు బంద్.

ముందు బందరులో రవాణా ఆఫీసుకి వెళ్ళాను. నంబరు ప్లేటు మీదవి మద్రాసు రాష్ట్రం నాటి అక్షరాలు. కాబట్టి కారు మొదట ఎవరి పేరున ఎక్కిందో ఎక్కడో రాసి ఉండాలి కదా అని అడిగాను. అంత పాతవి చెమ్మకి పోయాయని, ఉన్నా వెతికే మనిషి లేడని సీట్లో ఉన్నతను ఫోనులోంచి తల ఎత్తకుండా చెప్పాడు. బడిలో అయితే బెంచీ ఎక్కించేదాన్ని.

ఇక కారునే అడగాలని కోడూరు బస్సెక్కాను. అన్నయ్య చేతులు కట్టుకుని షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు, నేనేదో దొంగిలించడానికి వచ్చినట్టు. బానెట్ ఎత్తితే ఇంజను వెనక రేకు మీద తళతళలాడే బిళ్ళ, ఇంగ్లండులో తయారైందని దాని మీద అక్షరాలు. నా చిన్నప్పుడు అక్కడ మసకబారిన బిళ్ళ ఒకటి ఉండేది, రివెట్లు కొట్టి. ఇప్పుడున్నది నిన్నా మొన్నా కొన్న స్క్రూలతో బిగించి ఉంది. బిళ్ళని మార్చగలడు గాని చాసిస్ ఇనుములో గుద్దిన నంబరుని మార్చలేడు కదా. కింద చాప పరుచుకుని పడుకుని, గుడ్డతో మడ్డి తుడిచి, దానికి ఫోటో తీశాను.

విజయవాడలో పాత కార్లు బాగుచేసే ఆయన ఒకరున్నారని తెలిసి ఆయనకి పంపాను. ఈ నంబరు ముందున్న అక్షరాన్ని బట్టి కారు అక్కడ తయారై రాలేదని, విడి భాగాలు చెక్కపెట్టెల్లో ఓడ దిగితే మద్రాసులో బిగించారని ఆయన చెప్పారు. పైగా ఆ రకం కార్లని ఇక్కడ బిగించడం మొదలయ్యేసరికి మా దొర ఎప్పుడో ఓడెక్కేశాడు. ఎక్కని కారుని కానుకగా ఎలా ఇచ్చాడో అన్నయ్యే చెప్పాలి.

అంతకన్నా పెద్ద సంగతి బానెట్ లోపలి వైపు ఉంది. పైపై మెరుగులకి తప్ప అన్నయ్య డబ్బు తీయడు గనక లోపల పాత రంగు అలాగే ఉంది. మా వాళ్ళు ఏ బండి కొన్నా పాస్టరుగారిని పిలిచి ప్రార్థన చేయించి, కనపడనిచోట తెల్లరంగుతో చిన్న సిలువ గీయిస్తారు. ఆ సిలువ ఉంది. దాని పక్కన ఆకుపచ్చ రంగులో 786 అని కూడా ఉంది. అది దొరలు రాసుకునే అంకె కాదు.

నాన్న టాక్సీని బందరులో కలంకారీ అద్దకం షాపుల వాళ్ళు ఎక్కువగా ఎక్కేవారు. ఆ వీధిలో సాయిబుల ఇళ్ళలో అడుగుతూ పోతే ఒక పెద్దాయన ఫోటో చూసి కుర్చీలోంచి లేచారు. కారు వాళ్ళ నాన్నగారిదే. కొనేముందు మా నాన్న దాన్ని మంగినపూడి దాకా నడిపి చూశాడట, చిన్న పిల్లవాడిగా ఆయన వెనక సీట్లో కూర్చున్నారట.

"ఆ అంకె చెరిపించుకోండి అని మా నాన్నగారే చెప్పారండీ. మీ నాన్నగారు వద్దన్నారు. ఇన్నాళ్ళు బండిని కాపాడింది కదా, ఉండనివ్వండి, మాదీ పక్కన రాసుకుంటాం అన్నారు" అని చెప్పారు.

ఆ వీధిలోనే నిలబడి ఏడ్చాను. కొంగుతో మొహం తుడుచుకుని సరాసరి కోడూరు వెళ్ళాను.

అన్నయ్య ఇంట్లో, మంచం మీద ఉన్న మా పెద్దమ్మ ముందు, అంతా గట్టిగా చెప్పాను. అన్నయ్య కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. పెద్దమ్మ నన్ను పక్కన కూర్చోమంది.

"దొరగారి బండన్న మాట పుట్టించింది మీ నాన్నేనే. పెద్ద బజారులో మనోళ్ళు చెప్పులేసుకుని నడిస్తేనే పెద్దిళ్ళోళ్ళు ఊరుకునేవోళ్ళు కాదు. కారేసుకుని ఎళ్తే ఊరుకుంటారా? బండి దొరగారిది, నేను డ్రైవర్ని అని చెప్పాడు. అప్పుడు దారిచ్చారు. ఇదంతా ఈడికీ తెలుసు."

దొర దేశం వదిలి ఏళ్ళయినా మళ్ళీ వస్తాడేమోనని జడిసిన ఊరు, సొంత బండిలో తన ఊళ్ళోకి వస్తున్న మనిషికి మాత్రం దారివ్వదు. ఆ సంగతి అన్నయ్యకి మొదట్నుంచీ తెలుసు. నాన్న భయంతో ఆడిన అబద్ధాన్ని ఈయన గొప్ప కోసం రాతి మీద చెక్కించాడు. అంతవరకూ ఉన్నది కోపం. అప్పుడు పుట్టింది అసహ్యం. పెద్దమ్మ వైపు తిరిగి, కారు పెద్ద బజారు మీదుగానే చర్చికి వెళ్ళాలని, ముందు సీట్లో నేను కూర్చుంటానని చెప్పాను. ఆవిడ కొడుకు వైపు చూసింది. ఆయన తలూపాడు.

పండగనాడు అన్నయ్య నడిపాడు. పెద్ద బజారులో టీ కొట్టు ముందు జనం అడ్డం వస్తే బండి ఆగింది. పెద్దిళ్ళ ముసలాయన ఒకాయన కర్ర ఊతంతో దగ్గరికొచ్చి లోపలికి తొంగిచూసి, దొరగారి బండి బయటికొచ్చిందే అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే అన్నయ్య అద్దం ఇంకాస్త దించాడు.

"దొరది కాదండీ. మా బాబాయిది."

"అదెప్పట్నించి?"

"మొదట్నించీనండీ" అన్నాడు అన్నయ్య.

ముసలాయన పక్కకి తప్పుకున్నాడు.

ఆ ఒక్క మాటకి నేను కరిగిపోతానని అందరూ అనుకున్నారు. కరగలేదు, అన్నయ్యతో ఇప్పటికీ మాటల్లేవు. చెక్కిన రాయిని మాత్రం చర్చి పంపు దగ్గర బోర్లా వేయించాడు. వెళ్ళినప్పుడల్లా దాని మీద నిలబడి కాళ్ళు కడుక్కుంటాను.