అత్తయ్య ముక్కుపుడకలో మచ్చ

కొల్లేరులో చేపల చెరువుల గట్లు సర్కారు తెగ్గొట్టించిన ఏడాది, వేసవి సెలవులకి తాడేపల్లిగూడెం వెళ్ళి, మా మేనత్తని ఆవిడ వజ్రపు ముక్కుపుడక అడిగాను. అడిగినందుకు మా అమ్మ నా మీద విరుచుకుపడింది.

"ఆ దరిద్రాన్ని మళ్ళీ బయటికి తీయిస్తావుటే?"

మా ఇళ్ళల్లో వజ్రం కొనేముందు మూడు రోజులు ఇంట్లో ఉంచుకుంటారు. ఆ మూడు రోజులూ పీడకల రాకుండా, చెడు కబురు వినకుండా గడిస్తే రాయి అచ్చొచ్చినట్టు. అత్తయ్య పెళ్ళికి ముహూర్తం తరుముకొచ్చి, ఏలూరులో కొన్న ముక్కుపుడకకి ఆ పరీక్ష పెట్టలేదు. పెళ్ళయ్యాక చూస్తే రాయిలో ఆవగింజలో సగం కూడా లేని నల్ల మచ్చ! ఎనిమిది నెలలకి, కొల్లేరు లంకలో పంతులుగా చేసే మామయ్య వరదలో పడవ తిరగబడి పోయాడు. ఇంకేం, "దోషం రాయి పెట్టుకుంది, మొగుణ్ణి మింగింది" అన్నారు. పట్టేవాళ్ళకి రెట్టింపు మందిని పడవెక్కించినవాణ్ణి మాత్రం ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నాకు ఆ రాయి కావలసింది పరిశోధనకి. దూరపు ఊళ్ళో మా ప్రయోగశాలలో వజ్రాల్లోని దోషాలే మా పని. కార్బన్ ఉండాల్సిన చోట నైట్రోజన్ దూరి, దాని పక్క చోటు ఖాళీగా మిగిలిపోతే అదొక దోషం. అక్కడ చిక్కుకున్న ఎలక్ట్రాన్లకి స్పిన్ ఉంటుంది, బుల్లి అయస్కాంతంలాగా. వెలుగుతో ఆ స్పిన్‌ని మన మాట వినేలా చేస్తే రేపటి క్వాంటం కంప్యూటర్లకి పనికొస్తుందని ఆశ. భూమిలో పుట్టిన వజ్రంలో కూడా చూసి తీరాలన్నారు మా గైడ్.

అత్తయ్య బియ్యం డబ్బా అడుగునుంచి చిన్న మూట తీసింది.

"తీసుకెళ్ళమ్మా. కానీ దాన్లో పాపం ఉందో లేదో చూసి చెప్పు. ఉంటే ఉందనే చెప్పు, దాచకు," అంది. నాకు భయం వేసింది.

రాయిని బంగారం నుంచి విడదీసి, మైక్రోస్కోపు కింద పెట్టి ఆకుపచ్చ లేజరు వేశాను. రెండు వారాలు వెతికినా చీకటే. ఒక మధ్యాహ్నం తెర మీద ఒకే ఒక్క చుక్క కనిపించింది. ఒక్క దోషం నుంచి వస్తున్న ఎర్రటి వెలుగు! ఆకుపచ్చ వెలుగు ఆ స్పిన్‌ని ఒక స్థితిలో నిలబెట్టింది. మైక్రోవేవ్ తరంగం కాసేపు తగిలిస్తే స్పిన్ తిరిగింది, ఎరుపు తగ్గింది. మరికాస్త తగిలిస్తే మళ్ళీ మొదటికొచ్చింది, ఎరుపు పెరిగింది. అబ్బ! కోట్ల ఏళ్ళు భూమి కడుపులో నోరు మూసుకు కూర్చున్నది, పిలిస్తే పలుకుతోంది. నాకు తెలియకుండానే చేతులు జోడించాను. పక్కవాళ్ళు చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకపోయింది.

దసరా సెలవులకి రాయినీ, ఆ కబురునీ పట్టుకుని గూడెం వచ్చాను.

"ఆ మచ్చ ఉత్త బొగ్గు నలుసు, అత్తయ్యా. కంటికి కనపడని దోషం వేరే ఉంది. పలకరిస్తే వెలిగిందండీ! దోషం లేని చోట ఆ ఎరుపే లేదు."

"పాపం సంగతి చెప్పవే."

"పాపాన్ని కొలిచే యంత్రం మా దగ్గర లేదండీ. మామయ్యని తీసుకుపోయింది వరద. మీరు కాదు."

ఆవిడ రాయి మూట నా చేతిలోంచి తీసుకుంది.

"ఈ ముక్క చెప్పడానికి లేజరు ఎందుకే? ముప్పై ఏళ్ళలో ఒక్కళ్ళన్నా అన్నారా? నువ్వన్నావా?"

అనలేదు. చిన్నప్పుడు ఆ బియ్యం డబ్బా దగ్గరికి వెళ్ళాలంటేనే భయపడి చచ్చేదాన్ని.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని ఏలూరు బస్సెక్కింది. కంసాలి రాయిని మళ్ళీ బంగారంలో బిగించి, అత్తయ్య ముక్కు చూసి తల అడ్డంగా ఊపాడు.

"కన్నం పూడిపోయిందండీ. మళ్ళీ కుట్టాలి. ఈ వయసులో బాగా నెప్పి పుడుతుందమ్మా."

"పుట్టాల్సిన నెప్పంతా ఎప్పుడో పుట్టేసింది గానీ, కుట్టు నాయనా," అని అత్తయ్య ముక్కు ముందుకి పెట్టింది.