ఎండకి ఆగే సర్వర్

మా ఫ్రాన్సిస్ బాబాయికి ఒకటే పిచ్చి. మన మాటలు పరాయి కంపెనీ చేతిలో ఉండకూడదు, మనింట్లోనే ఉండాలంటాడు. అందుకని ఫేస్‌బుక్ లాంటిది సొంతంగా ఒకటి పెట్టి, రెంటచింతల జనాన్నంతా అందులో చేర్పించాడు. ఊరి కబుర్లన్నీ ఆయన ముందుగదిలో, బియ్యం డబ్బా అంత సర్వర్ పెట్టెలో ఉంటాయి.

ఎండాకాలంలో ఒకరోజు వాళ్లింటికి వెళ్లాను. ఇంట్లో ఉన్న ఒక్క కూలరూ ఆ పెట్టె వైపు తిరిగి ఉంది. ఆదెమ్మ పిన్ని విసనకర్రతో విసురుకుంటోంది. ఇదేమని అడిగితే, "నేనైతే చెమట తుడుచుకుంటానంట, అది తుడుచుకోలేదంట" అంది.

ఇంత సేవ చేసినా అది మాటిమాటికీ ఆగిపోయేది. ఎవరడిగినా బాబాయిది ఒకటే జవాబు, ఎండకి ఆగిందని. మా ఊరి ఎండ తెలిసినవాళ్లం, నమ్మేవాళ్లం. క్రిస్మస్ ముందు రోజు చలిలో ఆగినప్పుడు కూడా అదే మాటంటే మాత్రం నాకు అనుమానమొచ్చింది.

మాచర్లలో అమర్నాథ్ అనే ఆయన కూడా ఇలాంటి పెట్టే పెట్టాడు. రెండు పెట్టెల మధ్యా రాకపోకలున్నాయి. ఇక్కడ రాసింది అక్కడా కనపడుతుంది. మా ఊరి బాబూరావు కూతురు షారోన్‌కి మాచర్ల సంబంధం కుదిరింది. మొన్న కాబోయే వియ్యంకుడు అందరూ చూస్తుండగా, మే నెలలో రెంటచింతలలో పెళ్లంటే మావాళ్లు వేగిపోతారని రాశాడు. మీ మాచర్లలో మంచు కురుస్తుందా అని బాబూరావు అందుకున్నాడు. చూస్తుండగానే మాటలు తాతల దాకా పోయాయి. ఈ సంబంధమే మాకొద్దని రాసి బాబూరావు పంపే బటన్ నొక్కాడు. ఫోన్లో చక్రం గిరగిరా తిరుగుతోందే గాని రాసింది పోవడం లేదు. సర్వర్ ఆగింది.

బాబూరావు నిప్పులు కక్కుతూ వచ్చాడు. బాబాయి వాకిట్లోనే ఆపి తాపీగా, ఎండకి ఆగిందని చెప్పి, భోంచేసి రమ్మని ఇంటికి పంపేశాడు. అక్కడే ఉన్న నేను సాయం చేద్దామని బాబాయి వెనకే లోపలికెళ్లాను. కూలర్ తిరుగుతూనే ఉంది, పెట్టె కుండలా చల్లగా ఉంది, దాని ప్లగ్గేమో బాబాయి చేతిలో ఉంది.

"ఏంది బాబాయ్, నువ్వే పీకావా?"

"నేనే. బాబూరావు ఇంకా అన్నం తినలా. తిన్నాక పెడతా."

తర్వాత తుడిచేసుకుంటాడు కదా అన్నాను.

"ఈడ తుడిస్తే ఈడే పోద్దిరా. ఒకసారి మాచర్ల పెట్టెలోకి పోయిందంటే ఆడ ఉండిపోద్ది. అది మన చేతిలో లేదు. ఆ పిల్ల పెళ్లి చెడగొట్టేదానికా నేను పెట్టింది?"

పంచాయతీ ఫలితాల సాయంత్రం, అన్నదమ్ముల గట్టు తగాదా, క్రిస్మస్ పాట ఎవరు ఎత్తుకోవాలన్న రభస, సర్వర్ ఆగిన రోజులన్నీ నాకు గుర్తొచ్చాయి. ఒక్కటీ ఎండ పని కాదు.

బాబూరావు పప్పూ ఆవకాయా తిని, త్రేన్చుకుంటూ మళ్లీ వచ్చాడు. మెల్లగా, "అన్నా, నేను రాసింది పోలేదుగా?" అన్నాడు. పోలేదనగానే అక్కడే నిలబడి ఫోన్లోంచి తుడిచేశాడు. అప్పుడు గాని బాబాయి ప్లగ్గు పెట్టలేదు. పెట్టగానే మాచర్ల నుంచి కబురొచ్చింది. పెళ్లి పొద్దున్నే పెట్టుకుందాం బావగారూ, కూలర్లు మేం తెస్తాం అని. అక్కడ కూడా ఎవరో వేళకి అన్నం పెట్టినట్టున్నారు.

ఈ రహస్యం నా కడుపులో ఎన్నాళ్లో ఆగలేదు. ఇప్పుడు మా ఊళ్లో సర్వర్ ఆగితే ఎండనెవరూ తిట్టడం లేదు. ఇయ్యాల అన్నం తినంది ఎవరబ్బా అని వాకబు చేస్తున్నారు.