చర్ల దారిలో మూడంతస్తుల కేకు

మా పై పోర్షన్‌లో కిరాయికి ఉండే నర్సమ్మాయి తన పెళ్లికి మూడంతస్తుల కేకు కావాలంది. పెళ్లి చర్ల దాటాక, అడవిలో ఉన్న వాళ్ల ఊళ్లో. సారపాకలో ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతున్నా, ఆ రోడ్డు మీద అంత కేకు తీసుకెళ్లే ధైర్యం నాకు లేదు. వద్దన్నాను. ఎవరిదో పెళ్లి ఫొటోలో అలాంటి కేకు చూసి వాళ్లమ్మ ముచ్చటపడిందట. "పగిలితే ముక్కలే తింటం అక్కా, నువ్వైతే రా" అంది. ఇక కాదనలేకపోయాను.

పేర్చి తీసుకెళ్తే మధ్యలోనే కూలుతుంది. అందుకని మూడు కేకులనూ దేని అట్ట మీద దాన్ని ఉంచి, రాత్రంతా ఫ్రిజ్‌లో గట్టిపడనిచ్చాను. కింది రెండింటిలో గుచ్చడానికి లావుపాటి స్ట్రాలు కేకు ఎత్తుకు సరిగ్గా కత్తిరించుకున్నాను. పైదాని బరువు మోయాల్సింది అవే. ఒక్కటి పొట్టిదైనా పైది ఒరిగిపోతుంది. కారు సీటు వాలుగా ఉంటుందని కేకుల డబ్బాలను వెనక డిక్కీలో, జారని రబ్బరు చాప మీద పెట్టాం. మావారు ఎడ్లబండి కన్నా మెల్లగా నడిపారు.

చర్ల దాటాక ఒక వాగు దగ్గర కారు ఆగిపోయింది. కల్వర్టు వానలకు కొట్టుకుపోయింది. ఫోన్ చేస్తే పెళ్లికూతురి తల్లి, ఇంకొందరు ఆడవాళ్లు ఎదురొచ్చారు. చిన్న డబ్బాలు వాళ్లందుకున్నారు. పెద్దదాన్ని చెక్క మీద పెట్టి ఆ తల్లి ఒకవైపు, నేనొకవైపు పట్టుకున్నాం. నీళ్లలో ఒక్కో రాయినీ కాలితో తడుముకుంటూ నడిచాను. ఆమె నా అడుగు చూసి తన అడుగు వేసింది.

"భయపడకు బిడ్డా. నా బిడ్డకు చిన్నప్పుడు జరమొస్తే డోలీ గట్టి గీ వాగే దాటించినం" అంది. "అప్పుడు పాణం ఉంటదో పోతదో తెల్వదు. గిది కేకే గదా."

రోజూ డ్యూటీకి వెళ్తూ నన్ను పలకరించే పిల్ల ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. చేతులు లాగేస్తున్నా, గట్టెక్కేదాకా డబ్బా దించుదామని అనలేదు.

పందిట్లో నేల ఎగుడుదిగుడుగా ఉంది. బల్ల కాళ్ల కింద పెంకు ముక్కలు పెట్టి, పైన పళ్లెంలో నీళ్లు పోసి, సమంగా ఉందో లేదో చూశాను. పెద్ద కేకులో స్ట్రాలు గుచ్చి రెండోదాన్ని, అందులోనూ గుచ్చి మూడోదాన్ని దించాను. మధ్య కేకు అంచు దారిలో చితికింది. వెంట తెచ్చుకున్న క్రీముతో పూడ్చాను. చివరికి నిలబడింది.

కోసే వేళకు తల్లి కత్తి ముట్టలేదు. అంత పదిలంగా మోసుకొచ్చినదాన్ని కోయడానికి మనసొప్పడం లేదంది. కూతురు ఆమె చెయ్యి పట్టుకుని పై అంతస్తు కోయించింది. మొదటి ముక్క నోట్లో పెడితే ఆమె నమలకుండా నాలుకతో అదిమి చూసింది.

తియ్యగా ఉందా అని కూతురు అడిగింది.

"మెత్తగున్నది" అంది ఆమె.