నూకరత్నం వాళ్ళమ్మ

2013 జూన్. చీపురుపల్లి దగ్గర ఒక బాలికల రెసిడెన్షియల్ స్కూల్లో సోషల్ చెప్పేదాన్ని. హౌస్ టీచర్‌ కూడా నేనే. అంటే పాఠాలయ్యాక హాస్టల్లో పిల్లల తిండి, నిద్ర, జ్వరాలు, ఏడుపులు చూసుకోవాలి. బడి తెరిచిన కొత్తలో ఏడుపులే ఎక్కువ.

ఆ ఏడాది తొమ్మిదో తరగతిలో నూకరత్నం చేరింది. శ్రీకూర్మం అవతల సముద్రపు ఒడ్డు పల్లె. తండ్రి చేపల వేటకు వెళతాడు, తల్లి చేపలమ్ముతుంది. చురుకైన పిల్లే, కానీ ఎవరితోనూ మాట్లాడేది కాదు. అందరూ తిని లేచాక భోజనానికి వచ్చేది. సబ్బు అరగదీసి మాటిమాటికీ స్నానం చేసేది. ఎందుకో నాకు అంతుపట్టలేదు.

పేరెంట్స్ వచ్చే ఆదివారం ఆమె తల్లి స్టీలు క్యారేజీతో వచ్చింది. తల్లిదండ్రుల్ని తప్ప ఇంకెవరినీ లోపలికి రానివ్వకూడదని మా నియమం. నూకరత్నాన్ని పిలిపించాను. వరండాలో తోటి పిల్లలు గుంపుగా నిలబడి ఉన్నారు. వాళ్ళవైపొకసారి చూసి, "మా యమ్మ కాదు టీచర్. మా వీదిలో మనిసి" అంది.

ఇద్దరివీ ఒకే కళ్ళు, ఒకే ముక్కు. నేను నోరు తెరిచేలోపే ఆవిడ అందుకుంది.

"అవునమ్మా. ఆల్లమ్మకి కుదర్లేదు. పిల్ల తింతన్నాదో లేదో సూసి రమ్మన్నాది."

నియమం పక్కనపెట్టి లోపలికి రమ్మన్నాను. రాలేదు. క్యారేజీ నా చేతిలో పెట్టి, "పిల్లనేటీ అనకండమ్మా" అని గొంతు తగ్గించి చెప్పి వెళ్ళిపోయింది.

సాయంత్రం నూకరత్నాన్ని నా గదిలో కూర్చోబెట్టి క్యారేజీ విప్పాను. నెత్తళ్ళనే చిన్న చేపల వేపుడు. ఒక ముద్ద నోట్లో పెట్టుకుందో లేదో, ఏడ్చేసింది.

"నన్ను సేపల కంపంటన్నారు టీచర్. మా యమ్మని సూస్తే ఇంకా నవ్వుతారు."

అసెంబ్లీలో అందరినీ కేకలేయొచ్చు. వేస్తే ఆ పేరు బడంతా పాకుతుంది. అందుకని ఆమె మంచాన్ని పదో తరగతి రమణమ్మ పక్కకు మార్పించాను. రమణమ్మ కోటబొమ్మాళి రైతుబిడ్డ, నోరు గట్టిది. కిందటేడు తనూ ఇంటికి పోతానని అన్నం మానేసిన పిల్ల. "దీన్ని కాస్త చూసుకో" అన్నానంతే.

మర్నాడు భోజనాల వేళ రమణమ్మ కేక వినిపించింది: "ఒసే, ఆలీసెమైతే పప్పులో నీల్లే మిగుల్తాయి. రా!" పక్కన ఎవరో ముక్కు మూసుకుంటే, "ముందు నీ సాక్సులు వాసన సూసుకోయే" అంది. అందరూ నవ్వారు, ముక్కు మూసుకున్న పిల్ల కూడా. నూకరత్నం నవ్వగా నేను చూడడం అదే మొదటిసారి.

మళ్ళీ పేరెంట్స్ ఆదివారం వచ్చింది. తల్లి గేటు బయటే నిలబడిపోయింది. నూకరత్నం పరుగున వెళ్ళి, చెయ్యి పట్టుకుని వరండా దాకా లాక్కొచ్చింది.

"రమణక్కా, మా యమ్మ."

ఆవిడ బెదురుగా నావైపు చూసింది. అబద్ధమాడినందుకు ఏమంటానోనని కాబోలు. కుర్చీ వేశాను. ఈసారి కూర్చుంది.

ఆ తర్వాత చాలా జూన్ నెలలు చూశాను. కొత్తగా వచ్చిన పిల్ల అబద్ధం చెబితే నిలదీయను. పక్కన కూర్చుని తినే తోడొకటి చూపించి, ఆగుతాను. అలా ఆగడం, కూతురి అబద్ధాన్ని కాదనకుండా గేటు బయటే నిలబడ్డ ఆ తల్లిని చూసి నేర్చుకున్నాను.