రెన్స్కె కొన్న మొదటి కొత్త సైకిలు

హార్లింగెన్ రేవులో రెన్స్కెను ఎరగని ఇల్లు లేదు. ఆ ఊరికీ చుట్టుపక్కల పాలరైతుల ఇళ్లకీ ముప్పై ఏళ్లుగా ఆమే మంత్రసాని. చేపల బజారులో ఓ గడియ నిలబడితే చాలు, తన చేతుల మీదుగా భూమ్మీద పడ్డవాళ్లు నలుగురైనా పలకరించి పోతారు. వాళ్లలో కొందరికి అప్పుడే బట్టతల వస్తోంది. మనిషి పొడుగు, నడక విసురు, మాట నిదానం. పురిటి గదిలో ఎవరెంత కేకలు పెట్టినా రెన్స్కె గొంతు పెంచగా విన్నవాళ్లు లేరు.

దూరపు పల్లెలకు కారులో వెళ్లేది, ఊళ్లోకీ దగ్గరి పొలాలకీ మాత్రం సైకిలే. అయితే ఇన్నేళ్లూ ఆమె తొక్కినవన్నీ ఇంకొకరు తొక్కి వదిలేసినవి. మొదటిది తల్లిది, తర్వాతది పెదనాన్న కూతురిది, ఆ పైవన్నీ దిక్కులేని సైకిళ్లను మునిసిపాలిటీ వాళ్లు వేలం వేసినప్పుడు తెచ్చుకున్నవి. యాభై ఆరో ఏట, సముద్రపు ఎదురుగాలికి మోకాళ్లు మొరాయించసాగాక, ఒక కొత్తది కొనుక్కోవాలని మనసు పడింది. ఉక్కు ఫ్రేము, గేర్లు, ముదురాకుపచ్చ రంగు. గెర్లోఫ్ దుకాణంలో ఇలా కావాలని చెప్పి, రెండు నెలలు ఎదురుచూసింది.

గెర్లోఫ్ కూడా ఆమె చేతుల్లో పుట్టినవాడే. తండ్రి పోయాక సైకిళ్ల దుకాణాన్ని ఒంటిచేత్తో నెట్టుకొస్తున్నాడు.

ఈస్టర్ ముందు రోజుల్లో దుకాణం వ్యాను వచ్చి సైకిలు దింపిపోయింది. ఆ వేళకు రెన్స్కె ఒక బాలింతను చూడటానికి వెళ్లింది. ఇంట్లో ఉన్నది భర్త డౌవె. ఓడలను రేవులోకి లాగే టగ్గుబోటు మీద పనిచేసి రిటైరైన మనిషి. సైకిలును షెడ్డులోకి తోసి, తలుపేసి, తన పత్రిక తాను చదువుకున్నాడు.

రెన్స్కె సాయంత్రం వచ్చి, కోటైనా విప్పకుండా షెడ్డులోకి వెళ్లింది. సీటు తడిమి చూసింది, గంట మోగించింది, పక్కకు వంగింది. వెనక చక్రం దగ్గర, చైను పక్కన సాగే ఫ్రేము కడ్డీ మీద, వేలెడు పొడుగున రంగు లేచిపోయి ఉక్కు తెల్లగా మెరుస్తోంది. పక్కనే మరో రెండు చిన్న గీతలు. పెడలు వెనక్కి తిప్పితే చైను ఒకచోట కటుక్కుమని ఎగిరింది. రెండు లింకులు వంకరపోయాయి.

డౌవె వచ్చి కళ్లజోడు పైకి నెట్టుకుని చూశాడు.

"ఇంతేనా? నా దగ్గర బోటు రంగు మిగిలింది. రెండు పూతలు పూస్తే వరద వచ్చినా పోదు."

"నీ బోటు రంగు బూడిద రంగు కదా."

"అయితే ఏం? మా టగ్గుబోటు ఒంటినిండా గాట్లే. అది మునిగిందా?"

"మునగలేదు, ఒప్పుకుంటా. కొత్తగా నీళ్లలోకి దింపిన రోజున దాని మీద గాట్లున్నాయా?"

డౌవె కాస్త ఆలోచించాడు. "లేవు."

"మరి నాదీ అంతే. గీతలు పడాల్సి వస్తే నేను గీసుకుంటాను. ఎవరో గీసి ఇస్తే ఎందుకు తీసుకోవాలి?"

మర్నాడు పొద్దున డౌవె పన్ను పీకించుకోవడానికి కారేసుకుని పక్క పట్నం లేవార్డెన్ వెళ్లాడు. వంకర చైనుతో తొక్కడం ఇష్టంలేక రెన్స్కె సైకిలును నడిపించుకుంటూ దుకాణానికి బయలుదేరింది. వంతెన దాటేసరికి ఫోను మోగింది. సముద్రపు గట్టు చివర ఉండే పాలరైతు యోర్రిట్. భార్యకు నొప్పులు మొదలయ్యాయి, రెండో కాన్పు, తొందరగా వచ్చేట్టుంది. యోర్రిట్ ఒకటే కంగారు పడుతున్నాడు.

"నీళ్లు కాచుకోనా?"

"కాఫీకి కాచుకో. నేను వస్తున్నా."

ఇక చైను సంగతి చూసుకునే తీరిక లేదు. ఎప్పుడూ వెంట ఉండే కాన్పు సంచీ వెనక కట్టుకుని ఎక్కింది. సముద్రపు గట్టు మీద గొర్రెలు దారికి అడ్డంగా పడుకునే ఉన్నాయి. గాలి ఎదురు. పెడలు తిరిగిన ప్రతిసారీ చైను పళ్ల మీద ఎగురుతూనే ఉంది. సగం దారి అలాగే లాక్కొచ్చింది. చివరికి టప్పున తెగి, చచ్చిన పాములా ఒక కొస వేలాడింది. పెడలు ఒక్కసారిగా తేలిపోయి రెన్స్కె ముందుకు తూలింది, కాలు ఆనించి నిలదొక్కుకుంది. సైకిలును గొర్రెల కంచెకు తాళం వేసి, సంచీ భుజాన వేసుకుని నడక సాగించింది. వెనకనుంచి పాలట్యాంకరు వచ్చి ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి, "ఎవరింట్లో?" అని మాత్రం అడిగాడు. ఆమె భుజాన ఆ సంచీ ఉంటే ఊళ్లో ఇంకో ప్రశ్న ఉండదు.

ఆమె చేతులు కడుక్కుని గదిలోకి వెళ్లిన కాసేపటికే ఆడపిల్ల పుట్టింది, ఎర్రగా, మహా కోపంగా. తల్లీబిడ్డా క్షేమం. బాలింతను చూసుకునే నర్సు వచ్చి బాధ్యత అందుకున్నాక యోర్రిట్, ఆడపిల్ల పుడితే పెట్టే ఆనవాయితీగా, రస్కుల మీద వెన్న రాసి, గులాబీరంగు సోంపు మిఠాయి దట్టంగా చల్లి పెట్టాడు. రెన్స్కె రెండు తిని, రెండో కప్పు కాఫీ తాగి, అప్పుడంది:

"యోర్రిట్, నీ ట్రాక్టరు పనిచేస్తోందా? కంచె దగ్గర నాకో రోగి ఉంది."

అలా కొత్త సైకిలు ట్రెయిలరులో గడ్డి మీద పడుకుని దుకాణం ముందు దిగింది. లోపల గెర్లోఫ్ ఒక జంటకు పిల్లల సైకిలు చూపిస్తున్నాడు. తెగిన చైను కంటపడగానే వాడి ముఖం మారింది. వాళ్ల ఎదుటే గట్టిగా అన్నాడు:

"అయ్యో రెన్స్కె అమ్మా, అప్పుడే పడేశారా? మా దగ్గర్నుంచి నిక్షేపంగా వచ్చిందే."

"ముందు వాళ్ల సంగతి చూడు, బాబూ," అని రెన్స్కె కుర్చీలో కూర్చుంది. ఆ జంట బేరం కుదుర్చుకుని వెళ్లేదాకా కదల్లేదు. తలుపు మూసుకున్నాక లేచింది.

"పడితే హ్యాండిలు గీసుకోవాలి, పెడలు గీసుకోవాలి. అవి అద్దంలా ఉన్నాయి. ఒక్క లోపలి కడ్డీయే ఎట్లా గీసుకుందిరా?"

"ఏమో. రంగు పూసి, చైను మార్చి ఇస్తాను. కనపడనే కనపడదు."

ఆమె సంచీలోంచి పటకారు తీసి, వంగిన లింకుల మధ్య ఇరుక్కున్న పోగునొకదాన్ని నెమ్మదిగా లాగింది. నీలం రంగు పోగు. బల్ల మీద పెట్టింది. కిటికీ బయట వ్యాను నిలబడి ఉంది. దాని లోపల సైకిళ్లను బిగించి కట్టే పట్టీలు నీలం రంగువే.

గెర్లోఫ్ ఆ పోగును తీసి వెలుగులో పెట్టి చూశాడు.

"ఏడు సైకిళ్లు ఒక్క ట్రిప్పులో ఎక్కించాను," అన్నాడు. "పండగ ముందు అందరికీ ఇవ్వాలి. పట్టీ చైను మీదుగా పోయినట్టుంది. దాని ఇనప బిగింపు ఫ్రేముకు ఒరుసుకుంది. లాగుతుంటే టక్కుమంది."

"టక్కుమన్నప్పుడు చూడలేదా?"

"చూస్తే ఒప్పుకోవాలి కదమ్మా."

రెన్స్కెకు నవ్వొచ్చింది, కానీ నవ్వలేదు.

"పట్టీ జారడం ఎవరికైనా జరుగుతుంది. దానికి నిన్నేమీ అనను. జనం ముందు నా మీదకు తోశావు చూడు, అది బాగాలేదు."

"తప్పే," అన్నాడు వాడు, చెవులు కందిపోగా. "చైనూ పళ్ల చక్రమూ కొత్తవి వేస్తాను. ఫ్రేముకు మాత్రం…"

"ఫ్రేముకు రంగు వద్దు. ఉప్పుగాలి ఊరు మనది, అతుకు రంగు కింద తుప్పు ఎప్పుడు మొదలవుతుందో తెలియదు. కొత్త సైకిలు అడిగాను, కొత్త సైకిలు ఇవ్వు. ఇది రంగు వేసి, ఉన్నది ఉన్నట్టు చెప్పి అమ్ముకో. కొనేవాళ్లుంటారు, మొన్నటిదాకా నేనే కొనేదాన్ని."

"ఫ్యాక్టరీ నుంచి రావాలంటే జూన్ అవుతుంది."

"కానివ్వు. అందాకా నేను నడవాలా?"

దుకాణంలో అరువివ్వడానికి ఉన్నది ఒకటే: ముందు పెద్ద చెక్కపెట్టె ఉన్న సరుకుల సైకిలు. రెన్స్కె దాని చుట్టూ ఒకసారి తిరిగి, సంచీ పెట్టెలో పడేసి, ఎక్కి పోయింది. ఊరు ఊరంతా నవ్వింది. "రెన్స్కె, పిల్లల్ని ఇంటింటికీ తెచ్చి పంచుతున్నావా?" అని చేపల బజారులో అడిగారు. "ఆ, నీ వంతు అయిపోయింది, పక్కకి జరుగు," అంది ఆమె. నాలుగు రోజులకే ఆ పెట్టెలో కాన్పు పీట, తువ్వాళ్లు, ఒకసారి చలికి వణుకుతున్న గొర్రెపిల్ల కూడా ప్రయాణం చేశాయి.

జూన్ మొదట్లో సైకిలు వచ్చింది. గెర్లోఫ్ ఇంటికి పంపలేదు, రమ్మని ఫోను చేశాడు. సైకిలును ఎండలోకి తెచ్చి నిలబెట్టి, తను పక్కకు తప్పుకున్నాడు.

"ముందు మీరు చూడండి. ఇప్పుడు అందరికీ ఇట్లాగే, వాళ్లు చూసుకున్నాకే తాళంచెవి ఇస్తున్నా."

రెన్స్కె కళ్లజోడు పెట్టుకుంది. అప్పుడే పుట్టిన బిడ్డను చూసినట్టే చూసింది, తలనుంచి కాళ్లదాకా, తొందరలేకుండా. కడ్డీలన్నిటి వెంబడీ వేలు నడిపించింది. పెడలు వెనక్కి తిప్పింది. చైను చప్పుడు లేకుండా, నూనెలా జారింది.

"బాగుంది," అంది. "అంతా సరిగ్గా ఉంది."

గెర్లోఫ్ తాళంచెవి ఆమె చేతికిచ్చాడు. "కాఫీ తాగి వెళ్తారా?"

"ఇంకోరోజు. బడి వెనక వీధిలో ఒకమ్మాయికి తొమ్మిదో నెల."

సంచీ వెనక కట్టుకుని రేవు వైపు తిరిగింది. గాలి అలవాటుగానే ఎదురొచ్చింది. రెన్స్కె గేరు తగ్గించి, వీపు నిటారుగా పెట్టుకుని, మోకాళ్లను పట్టించుకోకుండా వంతెన ఎక్కేసింది.