ఒక చెయ్యి లేని స్వెటర్

వీధిలో అందరికీ ఆమె స్వెటరమ్మ. పిల్లలు ఎదిగితే వాళ్ల పాత స్వెటర్లు విప్పి, అదే ఊలుతో పెద్దవి అల్లి ఇవ్వడంలో ఆమెది అందెవేసిన చెయ్యి. బీరువాలో మాత్రం ఒక చెయ్యి లేని ఎర్ర స్వెటర్ ఉంది. పదకొండేళ్లుగా దాని జోలికి ఎవరినీ పోనివ్వలేదు.

అది కూతురిది. రెండో చేతికి ఊలు చాలక, "ఒక్క ఉండ పట్రా తల్లీ" అని తనే దుకాణానికి పంపింది. వానకు రోడ్డు మీద బస్సు జారింది. పిల్ల మరి ఇంటికి రాలేదు. చేతులారా చంపుకున్నానని ఆ తల్లి ఆనాటినుంచి కుమిలిపోతూనే ఉంది.

ఈ చలికాలం ఒక బౌద్ధ సన్యాసిని టోపీ అల్లించుకోవడానికి వచ్చింది. "జుట్టు వదిలేశాను గానీ, చలి నన్ను వదల్లేదమ్మా" అంటూ గుండు తడుముకుంది. స్వెటరమ్మ ఫక్కున నవ్వింది. నవ్వుతూనే ఏడ్చేసి, కడుపులోదంతా చెప్పేసింది.

సన్యాసిని శ్రద్ధగా విన్నది. "ఏదీ ఒక్క కారణంతో జరగదమ్మా. అంతా నా వల్లేననుకోవడం కూడా ఒక రకం గర్వమే."

స్వెటరమ్మకు ఒళ్లు మండింది. "పోయింది మీ పిల్ల కాదుగా!"

"కాదు," అని తలవంచుకుంది ఆవిడ. "కానీ ఎక్కడ మొదలైందో ఒకసారి మీరే వెతికి చూడండి."

ఆవిడ వెళ్లాక స్వెటరమ్మ ఆ కోపంతోనే ఎర్ర స్వెటర్ బయటికి తీసింది. అల్లిక ముగించిన కొస పట్టుకుంటేనే సులువుగా ఊడుతుంది. మెడ దగ్గర కొస పట్టి లాగసాగింది.

ఊలు ఎందుకు చాలలేదు? మెడ ఎత్తుగా అల్లినందుకు. ఎందుకు ఎత్తు? పిల్లకు దగ్గు. దగ్గెందుకు? ఇంట్లో చెమ్మ. ఆ ఇల్లే ఎందుకు? మొగుడి ఫ్యాక్టరీకి దగ్గరని. మరి ఆ వాన? ఆ బస్సు అరిగిన టైరు? ఒక వరస వెనక ఇంకో వరస ఊడుతూనే ఉంది. ఇదిగో నీ తప్పు అని చెప్పే ముడి ఒక్కటీ చేతికి తగల్లేదు. తగిలితే కత్తిరించి పారేసేదే.

సాయంత్రం భర్త వచ్చేసరికి ఆమె ఒళ్లో వంకర్లు తిరిగిన ఊలు కుప్ప ఉంది. ఒక్క పోగూ పోలేదు, స్వెటర్ మాత్రం లేదు.

"ఎంత పని చేశావే!" అన్నాడాయన.

"మొత్తం విప్పి చూశానండీ. నా తప్పు దొరకలేదు." ఒళ్లోని ఊలు నిమురుతూ, "పిల్లా దొరకలేదు" అంది.

ఆయన ఎదురుగా కూర్చుని, ఊలు చుట్టడానికి రెండు చేతులూ చాచాడు.