కూతకు వచ్చిన అల్లుడు

మాచర్ల పోయే పొగబండిలో నా ఎదుటి బల్ల మీద ఇద్దరు రైతులు తమ ఊరి చెడుగుడు జట్టు గురించి వాదించుకుంటున్నారు. తిరునాళ్లలో ఓడిపోయారట.

"కూతకెళ్లి తిరిగొచ్చేవాడు మనకి ఒక్కడన్నా ఉన్నాడా?" అన్నాడు చిన్నవాడు. "ఆ పిడుగురాళ్ల కుర్రాణ్ణి తేవాలి బాబాయ్."

"పరాయి ఊరోణ్ణి ఆడనియ్యర్రా. అందుకే మా పిల్లనిచ్చి ఇల్లరికం తెస్తన్నా," అన్నాడు పెద్దాయన.

మా కోనసీమలో చెడుగుడు చానా చూశాను గాని, ఆటగాడి కోసం పిల్లనివ్వడం వినలేదు. అమ్మాయి ఒప్పుకుందా అని అడిగాను.

"వాడి ఆట చూసి అడిగిందే అది."

"మరి పిడుగురాళ్లతోనే పోటీ పడితే?"

చిన్నవాడు నవ్వాడు. "అప్పుడు జూడాలి మా ఆట."

పెద్దాయన నవ్వలేదు. "ఆ ఒక్కరోజు వాణ్ణి కూర్చోబెడతాం. ఓడితే ఓడతాం. చూడ్డానికి వాళ్లమ్మ వస్తది గదా."